రాధానాథ సిక్దార్

భౌతిక భూగోళశాస్త్రము పర్వతములను, వాతావరణమును వర్ణించుటతో తృప్తినొందదు. వానిని కొలిచి లెక్కకు తెచ్చును. ఈ విద్యయందు 19వ శతాబ్దిలో పేరెన్నికగన్న భారతీయుడు రాధానాథ సిక్దార్. ఎవరెస్టు శిఖరమును గూర్చిన కథవలననే ఆయన పేరు నేడు వినబడుచున్నది. ఆయన కృషి అంతకంటె విస్తృతమైనది.

ఆయన 1813లో కలకత్తాలోని జోడాసాంకోలో జన్మించెను. హిందూ కళాశాలలో డెరోజియోవలన స్వతంత్రభావములను, టైట్లరువలన ఉన్నతగణితమును అలవరచుకొనెను. 1831లో జార్జి ఎవరెస్టు నడపుచున్న మహా త్రికోణమితి సర్వేలో నెలకు 30 రూపాయల వేతనముపై గణకుడుగా చేరెను. 1843లో డెహ్రాడూనులో ఒక మేజిస్ట్రేటు సర్వే కూలీలచే వెట్టిచాకిరి చేయింపగా, సిక్దార్ ఎదిరించి 200 రూపాయల జరిమానా చెల్లింపవలసివచ్చెను.

1849లో ప్రధానగణకుడై కలకత్తాకు మరలివచ్చెను. 1852నుండి అచ్చటి వాతావరణ పరిశీలనాలయమునకు గూడ అధికారియై, వేడిమివలన భారమితి అంకెలలో కలుగు భేదమును సవరించు సూత్రము నేర్పరచెను.

పదునైదవ శిఖరముగా పేర్కొనబడిన పర్వతమును బీహారు మైదానములలోని ఆరు స్థానములనుండి 1849-50లో పరిశీలించిరి. కాంతి వక్రీభవనమును, భూగోళపు వంపును లెక్కించి కట్టిన ఎత్తు 29,002 అడుగులని 1856లో ప్రకటించిరి. 2020లో ప్రకటితమైన 8,848.86 మీటర్లతో పోల్చిన భేదము సుమారు 9 మీటర్లు మాత్రమే. ఈ గణన పలువురి శ్రమఫలము. వారిలో సిక్దార్ ముఖ్యుడు. శిఖరమునకు మాత్రము ఎవరెస్టు పేరు పెట్టిరి.

భాషావేత్తలు ఆయనను మరియొక కారణమున స్మరింపవలెను. 1854లో ప్యారీచాంద్ మిత్రతో కలసి, స్త్రీలకు సుబోధమగు వాడుక బెంగాలీలో 'మాసిక్ పత్రిక'ను స్థాపించెను. మిత్ర రచించిన 'ఆలాలేర్ ఘరేర్ దులాల్' నవల అందే వెలువడసాగెను. తెలుగున గిడుగువారి వ్యావహారిక భాషోద్యమమునకు ఇది అర్ధశతాబ్దికి పైగా పూర్వము.

1862లో ఉద్యోగవిరమణ చేసి, కొంతకాలము గణితము బోధించి, 1870 మే 17న చందన్‌నగర్‌లో మరణించెను.

1851లో స్మిత్, తుయిలియర్ ప్రచురించిన 'మాన్యువల్ ఆఫ్ సర్వేయింగ్'లో ముఖ్యమైన గణితభాగములు సిక్దార్ కూర్చినవే. పీఠికలో సంకలనకర్తలు కృతజ్ఞతతో ఆ విషయము చెప్పిరి. 1875 నాటి మూడవ కూర్పులో ఆయన రచన నిలిచెను. పీఠికలోని ఆయన పేరు తొలగెను. మరుసటియేట 'ఫ్రెండ్ ఆఫ్ ఇండియా' పత్రిక దీనిని గర్హించెను. శిఖరగణనలో ఆయన పాలెంత యని చరిత్రకారులు వాదింపవచ్చును. ఈ గ్రంథమున ఆయన పాలు మాత్రము తొలి కూర్పునందే అచ్చై యున్నది. కూర్పులను సరిపోల్చి చూచుట మన వృత్తిధర్మము కనుక, ఆ పేరును మరల నిలుపు బాధ్యత మనయందును కలదు.