మోక్షగుండం విశ్వేశ్వరయ్య

సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య (సెప్టెంబర్ 15, 1860 – ఏప్రిల్ 14, 1962) భారతదేశపు సుప్రసిద్ధ ఇంజనీరు, మైసూరు సంస్థాన దివాను, భారతరత్న పురస్కార గ్రహీత. కొద్దిపాటి నీటిని నిలువచేయడం, దానిని ఎక్కువ మందికి న్యాయంగా పంచడం ఆయన వృత్తి జీవితంలో ప్రధానాంశాలుగా నిలిచాయి. ఆయన జన్మదినమైన సెప్టెంబర్ 15ను భారతదేశంలో ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకొంటారు.

== బాల్యము, విద్య ==
విశ్వేశ్వరయ్య బెంగుళూరుకు ఉత్తరాన చిక్కబళ్ళాపురం సమీపంలోని ముద్దెనహళ్ళిలో జన్మించాడు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు, తల్లి వెంకటలక్ష్మమ్మ. వీరి పూర్వీకులు ఆంధ్రదేశంలోని గిద్దలూరు ప్రాంతానికి చెందిన మోక్షగుండం గ్రామం నుండి వలస వెళ్ళారు. ఇంటిపేరు ఆ ఊరి నుండే వచ్చింది. 1881లో బెంగుళూరులో బి.ఏ. పూర్తిచేసి, తరువాత పూణేలో ఇంజనీరింగు చదివాడు. 1884లో బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజనీరుగా చేరాడు.

== సుక్కూరు నీటి పథకం ==
1890ల మధ్యలో సింధు ప్రాంతంలోని సుక్కూరు పట్టణానికి నీటి సరఫరా పథకాన్ని రూపొందించాడు. సింధునది నీరు ఒండ్రుతో నిండి ఉండేది. దానిని శుద్ధిచేయడానికి వడపోత చెరువులు కట్టే స్తోమత పురపాలక సంఘానికి లేదు. అందువలన ఆయన నదీగర్భంలో బావి తవ్వించి, ఇసుకలో సహజంగా వడకట్టబడిన నీటిని పట్టణానికి అందించాడు.

== ఖడక్‌వాస్లా స్వయంచాలక తలుపులు ==
పూణే సమీపంలో ముఠా నదిపైనున్న ఖడక్‌వాస్లా జలాశయం నగరానికీ, సాగుకాలువలకూ నీరందించేది. వర్షాకాలంలో మిగులు నీరు మత్తడి మీదుగా వృథాగా పోయేది. ఆనకట్ట ఎత్తు పెంచకుండానే మత్తడిపై సుమారు 8 అడుగుల మేర అదనంగా నీటిని నిలిపే స్వయంచాలక తలుపులను విశ్వేశ్వరయ్య రూపొందించాడు. నీరు నిర్ణీత మట్టాన్ని దాటగానే అవి వాటంతట అవే తెరచుకొని, వరద తగ్గగానే మూసుకొనేవి. 1903లో అమర్చిన ఈ తలుపులకు ఆయన పేటెంటు పొందాడు. తరువాత గ్వాలియరులోని టిగ్రా ఆనకట్టలోనూ, మైసూరులోని కృష్ణరాజసాగరంలోనూ ఇదే పద్ధతిని వాడారు.

== బ్లాకు పద్ధతి ==
దక్కను కాలువల కింద చెరకు రైతులు ఏడాది పొడవునా నీరు వాడుకోవడంతో మిగిలిన గ్రామాలకు నీరు చాలేది కాదు. దీనికి పరిష్కారంగా 1899 ప్రాంతంలో ఆయన బ్లాకు పద్ధతిని ప్రతిపాదించాడు. ప్రతి గ్రామంలో అనువైన నేలలను ఎంపికచేసి, ఆ హద్దుల లోపలే నీరు ఇస్తారు. అక్కడ చెరకు, వరి వంటి నీరు ఎక్కువ కావలసిన పంటలనూ, తక్కువ నీటితో పండే ఆరుతడి పంటలనూ వంతులవారీగా వేయాలి. దీనివలన ఒకే కాలువ ప్రయోజనం ఎక్కువ గ్రామాలకు అందుతుంది. అలవాటైన వాడకానికి హద్దు పెట్టడంతో తొలుత రైతుల నుండి వ్యతిరేకత వచ్చింది.

== హైదరాబాదు ==
1908 సెప్టెంబరులో మూసీనది వరద హైదరాబాదును ముంచెత్తింది. మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వ ఆహ్వానంపై వచ్చిన విశ్వేశ్వరయ్య, నగరానికి ఎగువన జలాశయాలు నిర్మించి వరదను నిలువరించాలని సూచించాడు. ఆ సూచనల ఫలితమే మూసీపై ఉస్మాన్ సాగర్, ఈసీ వాగుపై హిమాయత్ సాగర్. వరద నివారణకు తలపెట్టిన ఈ జలాశయాలే నగరానికి తాగునీటి నిధులయ్యాయి.

== కృష్ణరాజసాగరం, కావేరి జలాల హక్కు ==
1909లో మైసూరు చీఫ్ ఇంజనీరైన ఆయన కావేరిపై కన్నంబాడి వద్ద పెద్ద ఆనకట్టకు ప్రణాళిక సిద్ధంచేశాడు. 1911లో పనులు మొదలయ్యాయి. అయితే 1892 ఒప్పందం ప్రకారం మైసూరు కొత్త జలాశయం కట్టాలంటే మద్రాసు ప్రభుత్వ సమ్మతి అవసరం. తంజావూరు డెల్టా సాగుకు నీరు తగ్గుతుందని మద్రాసు అభ్యంతరం తెలిపి, 11 టీఎంసీల నిలువకు మాత్రమే అంగీకరించింది. మైసూరు మాత్రం పునాదులను పూర్తి ఎత్తుకు సరిపడేలా వేసింది. 1914లో మధ్యవర్తి తీర్పు మైసూరుకు అనుకూలంగా వచ్చినా, మద్రాసు అప్పీలు చేయడంతో వివాదం కొనసాగింది. 1924 ఒప్పందంతో మైసూరుకు కృష్ణరాజసాగరం, మద్రాసుకు మెట్టూరు జలాశయం దక్కాయి.

1912లో దివాను పదవి చేపట్టిన విశ్వేశ్వరయ్య 1918 చివరలో దాని నుండి వైదొలగాడు. ఆనకట్ట 1930ల ఆరంభంలో పూర్తయింది. మండ్య ప్రాంతపు మెట్టపొలాలకు నీరందగా, పాత కన్నంబాడి గ్రామం మునిగిపోయి అక్కడివారు వేరొకచోట స్థిరపడవలసి వచ్చింది. కావేరి జలాల పంపకం 2007లో ట్రిబ్యునల్ తీర్పు, 2018లో సుప్రీంకోర్టు తీర్పు వరకూ సాగింది.

== గౌరవాలు, మరణం ==
1915లో బ్రిటిషు ప్రభుత్వం సర్ బిరుదునూ, 1955లో భారత ప్రభుత్వం భారతరత్ననూ ఇచ్చాయి. నూరేళ్ళు దాటి జీవించిన విశ్వేశ్వరయ్య 1962లో బెంగుళూరులో మరణించాడు. ఆయన కోరిక మేరకు అంత్యక్రియలు ముద్దెనహళ్ళిలో జరిగాయి.