యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (1895 జనవరి 12 - 1948 ఆగష్టు 8) ప్రముఖ భారతీయ జీవరసాయన శాస్త్రజ్ఞుడు. జీర్ణనాళ వ్యాధియైన స్ప్రూకు ఔషధము కనుగొనాలనే పట్టుదల ఆయనను పరిశోధన వైపు నడిపించింది. ఆ అన్వేషణయే తరువాత క్యాన్సరు చికిత్సకు కూడా దారి చూపింది.

== బాల్యము, విద్యాభ్యాసము ==
సుబ్బారావు భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించాడు. ప్రాథమిక విద్య రాజమండ్రిలో సాగింది. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించి, మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. గాంధీజీ పిలుపుననుసరించి ఖద్దరు ధరించడం ఆంగ్లేయ ఆచార్యునికి ఆగ్రహము కలిగించింది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది.

== స్ప్రూ వ్యాధి ==
స్ప్రూ సోకినవారి చిన్నప్రేవులు ఆహారములోని పోషకాలను గ్రహించలేవు. విరేచనాలు, రక్తహీనతలతో రోగి క్షీణించిపోతాడు. సుబ్బారావు సోదరులిద్దరు కొద్దిరోజుల తేడాలో ఈ వ్యాధితోనే మరణించారు. ఆయనకు కూడా అది సోకగా, డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నాడు. కొంతకాలము మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధించాడు.

== అమెరికాలో పరిశోధనలు ==
1923లో భార్య శేషగిరిని స్వదేశంలోనే విడిచి బోస్టన్ చేరాడు. ఆసుపత్రిలో చిన్న ఉద్యోగము చేస్తూ హార్వర్డు విశ్వవిద్యాలయంలో చదివాడు. సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తము, మూత్రములలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించాడు. కండరాల శక్తికి మూలమైన ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి.లను గుర్తించడంలో పాల్గొన్నాడు. అయినా హార్వర్డులో స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరి, అనంతరము పరిశోధనా విభాగానికి అధిపతి అయ్యాడు.

ఆయన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆయన పర్యవేక్షణలోనే బెంజమిన్ డుగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. టెట్రాసైక్లిన్ జాతి మందులలో ఇది మొదటిది. నేడు ఉష్ణమండల స్ప్రూకు ఫోలిక్ ఆమ్లము, టెట్రాసైక్లిన్ మందులు కలిపి ఇస్తారు. బోదకాలుకు వాడే డైఇథైల్ కార్బమజీన్ కూడా ఆయన బృందము కృషియే.

== క్యాన్సరు ఔషధాలు ==
కణ విభజనకు ఫోలిక్ ఆమ్లము అవసరము. దాని పనిని అడ్డుకుంటే క్యాన్సరు కణాల పెరుగుదలను నిరోధించవచ్చు. ఈ సూత్రము ఆధారంగా తయారైన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ లుకేమియా సోకిన 16 మంది పిల్లలకు ఇవ్వగా, 10 మందిలో తాత్కాలికంగా మెరుగు కనిపించినట్లు 1948లో ప్రకటించాడు. దాని తరువాతిదైన మెథోట్రెక్సేట్‌ను క్యాన్సరుకే గాక కీళ్ళవాతానికి కూడా వాడుతున్నారు. ఫోలిక్ ఆమ్లము నుండి వచ్చిన ఫోలినిక్ ఆమ్లాన్ని పెద్దప్రేవు క్యాన్సరు చికిత్సలో ఫ్లోరోయురాసిల్‌తో కలిపి ఇస్తారు. బరువు తగ్గించే శస్త్రచికిత్స తరువాత పోషకాలు ఒంటబట్టక కలిగే రక్తహీనతను నివారించుటకు ఇచ్చే విటమినులలో ఫోలిక్ ఆమ్లము కూడా ఒకటి.

== మరణము, గుర్తింపు ==
సుబ్బారావు తన 53వ యేట గుండెపోటుతో న్యూయార్క్ రాష్ట్రంలో మరణించాడు. వెళ్ళిన తరువాత మరల స్వదేశానికి రాలేదు. ఫలితాలను ప్రకటించే వేదికలపై సహచరులనే ముందుంచడం వలన ఆయన పేరు ప్రజలకు అంతగా తెలియలేదు. భారత ప్రభుత్వము 1995లో శతజయంతి సందర్భముగా తపాలా బిళ్ళ విడుదల చేసింది. భీమవరమైనా, కామారెడ్డి, ఎల్లారెడ్డి అయినా, ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఫోలిక్ ఆమ్లము కూడా ఉంటుంది.