ఎర్ర గుట్ట మీద గోల్ఫ్ ఆడిన కాలం: నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ కథ

అమీర్‌పేట్‌లో ఎల్బీనగర్ వైపు మెట్రో ఎక్కితే పంజాగుట్ట తర్వాత వచ్చే స్టేషన్ ఎర్రమంజిల్. ఆ పేరు రోజూ వినేవాళ్లకు కూడా దాన్ని పెట్టింది ఎవరో పెద్దగా తెలీదు. మాల్స్, ఆఫీసులు, ఫ్లైఓవర్ కింద హారన్ల మోత, ఇదే ఇప్పటి పంజాగుట్ట. ఇక్కడి గుట్ట మీద ఒకప్పుడు తొమ్మిది హోళ్ల గోల్ఫ్ మైదానం ఉండేదంటే నమ్మడం కష్టమే. కానీ ఉండేది. దాని యజమాని నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ బహదూర్.

ఆయన పుట్టింది 1860లో. సఫ్దర్ జంగ్, ముషీరుద్దౌలా, ఫఖ్రుల్ ముల్క్... ఇవన్నీ దర్బారు బిరుదులు. చివరిదానికి రాజ్యానికి గర్వకారణం అని అర్థం. జనం నోట నిలిచిందీ అదే. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ పాషా హయాంలో న్యాయశాఖ, విద్యాశాఖ లాంటి బాధ్యతలు చూశారు. హైదరాబాద్ ఉమరాల్లో పెద్ద పేరు ఆయనది. బషీర్‌బాగ్‌లో ఇప్పుడు నిజాం కాలేజీ నడుస్తున్న భవనం ఒకప్పుడు ఆయన ప్యాలెస్సే. దాని పేరు అసద్ బాగ్. ఆ కాలేజీలో చదివిన ముస్లిం కుటుంబాల పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

తర్వాత నవాబు సాబ్ చూపు ఖైరతాబాద్ దాటి పంజాగుట్ట వైపు పడింది. అప్పటికి అది ఊరి బయట. అక్కడ ఎర్రమట్టి గుట్ట ఒకటి. దాని మీద మహల్ కట్టించాలనుకున్నారు. ఫలక్‌నుమా కంటే ఎత్తుగా కట్టిస్తానని ఆయన పందెం కాశారని పాత హైదరాబాదీలు చెప్పుకునే కథ. పందెం సంగతి ఎలా ఉన్నా, లేచిన భవనం మాత్రం మామూలుది కాదు. యూరప్ బరోక్ పద్ధతిలో గచ్చు నగిషీలు, 150కి పైగా గదులు, ఫ్రాన్స్ రాజుల కాలం నాటి తీరు ఫర్నిచర్.

అసలు మజా పేరులో ఉంది. స్థానికులు ఆ గుట్టను ఎర్రగడ్డ అనేవారు. ఫారసీలో ఇరం అంటే స్వర్గం లాంటి తోట. ఖురాన్‌లో సూరహ్ ఫజ్ర్‌లో వచ్చే స్తంభాల ఇరం కూడా ఈ పేరే. నవాబు ఈ రెండు మాటలనూ కలిపేశారు. ఫారసీ, ఉర్దూ చదివిన దర్బారు వాళ్లకు అది ఇరం మంజిల్. తెలుగు మాట్లాడే జనానికి ఎర్రమంజిల్. ఎవరి నోటికి వచ్చినట్టు వాళ్లు పిలుచుకున్నారు, ఇద్దరూ తప్పు కాదు. నగరంలో రెండు భాషల వాళ్లూ తమదే అనుకునే పేరు ఇంత హాయిగా కుదిరింది ఇంకొకటి దొరకడం కష్టం.

మహల్ చుట్టూ పోలో మైదానం, గుర్రపుశాలలు, పాల డెయిరీ ఉండేవి. వాటితోపాటే గోల్ఫ్. పోలో సంగతి సరే, అది మన దేశంలో ఎప్పటినుంచో ఉన్న ఆట. గోల్ఫ్ మాత్రం ఆంగ్లేయులతో వచ్చింది. 1829లో కలకత్తాలో మొదలైన క్లబ్బు బ్రిటన్ బయట మొదటిదని పేరు. హైదరాబాద్ ఉమరా ఒకరు ఆ ఆటను సొంత ఇంటి ముంగిట్లోకే తెచ్చుకున్నారు.

గోల్ఫ్ అంటే బంతిని దూరం కొట్టడమే అనుకుంటాం. నిజానికి ఆట చాలాసార్లు తేలేది హోలు దగ్గర. గడ్డిని సన్నగా కత్తిరించిన ఆ భాగాన్ని గ్రీన్ అంటారు. దాని మీద బంతిని దొర్లించడాన్ని పట్ అంటారు. హోలు నలభై అడుగుల దూరంలో ఉంటే కొత్తగా నేర్చుకునేవాడు గురి గురించే ఆలోచిస్తాడు. గురి తప్పితే పక్కకు రెండు మూడడుగులు పోతుంది, అంతే. వేగం తప్పితే బంతి పదడుగులు ముందే ఆగిపోతుంది, లేదా అంత దూరమూ దాటిపోతుంది. అందుకే తెలిసినవాళ్లు లాంగ్ పట్‌ను హోల్లో వేయాలని చూడరు. చేతికి అందేంత దగ్గర ఆపాలని చూస్తారు. రెండో పట్‌తో పని అయిపోతుంది.

దానికి బలం అక్కర్లేదు, అందాజా కావాలి. బంతి దగ్గర్నుంచి హోలు దాకా ఒకసారి నడిచి వస్తే దూరం కాళ్లకే తెలుస్తుంది. పటర్‌ను బిగించి పట్టుకోకూడదు. దూరం పెరిగేకొద్దీ దాన్ని వెనక్కి ఎక్కువ తీసుకోవాలి తప్ప కొట్టే విసురు మార్చకూడదు. హోలు వైపు చూస్తూ రెండు మూడుసార్లు ఉత్తుత్తిగా ఊపితే చేతికి లెక్క దొరుకుతుంది. గుట్ట మీద గ్రౌండ్ అయితే వాలు కూడా చూసుకోవాలి. దిగువకు మెల్లగా, ఎగువకు కాస్త గట్టిగా. బంతి నెమ్మదించే చివరి కొన్ని అడుగుల్లోనే వాలు దాన్ని ఎక్కువగా లాగేస్తుంది. పొద్దున మంచు తడి ఉన్న గడ్డి బంతిని పట్టేస్తుంది. ఎండకు ఆరాక అదే గడ్డి మీద అది జారిపోతుంది.

ఇప్పుడు ఆ గుట్ట మీద అలాంటి గడ్డి చూపించమంటే ఎవరూ చూపించలేరు. నవాబు సాబ్ 1934లో కన్నుమూశారు. తర్వాత మహల్ ప్రభుత్వం చేతికి వచ్చింది. ఇంజనీర్ల ఆఫీసులు వచ్చాయి. పోలో మైదానం, గోల్ఫ్ మైదానం పోయి రోడ్లు, ఇళ్లు, కాలనీలు వచ్చాయి. భవనం మాత్రం ఫైళ్ల బీరువాల మధ్య, కారిన పైకప్పుల కింద నిలబడింది. పట్టించుకోకపోవడం వల్ల జరిగిన నష్టం తక్కువేం కాదు.

2019 జూన్‌లో దానికీ గండం వచ్చింది. అక్కడ కొత్త అసెంబ్లీ కట్టాలని రాష్ట్ర కేబినెట్ నిర్ణయించింది, అదే నెలలో భూమిపూజ కూడా అయింది. కట్టడాల మీద అభిమానం ఉన్నవాళ్లు, నవాబు వారసులు హైకోర్టు తలుపు తట్టారు. సెప్టెంబర్ 16న కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. వారసత్వ కట్టడం అన్న హోదాను అలా పక్కన పెట్టేయడం కుదరదని తేల్చింది. మహల్ బతికింది.

నవాబు సాబ్ మక్బరా సనత్‌నగర్, ఎర్రగడ్డ ప్రాంతంలో ఉంది. ఆ ఎర్రగడ్డ వేరు, మహల్ గుట్ట వేరు. ఎర్రమంజిల్ నుంచి అక్కడికి వెళ్లాలంటే పంజాగుట్ట, అమీర్‌పేట్, ఎస్సార్‌నగర్ దాటాలి. సాయంత్రం ట్రాఫిక్‌లో ఆ కొద్దిపాటి దూరానికే గంట పడుతుంది.