బనగానపల్లె పసులకాపరి

బ్రహ్మంగారి పేరు వినని వాళ్లు మనలో లేరు. కానీ ఆయన కూలికి పసులు కాశారని ఎందరికి తెలుసు?

పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి 17వ శతాబ్దం వారు. పాపాఘ్ని మఠంలో పెరిగారు. పెంచిన తండ్రి పోయాక, చిన్న వయసులోనే తల్లికి చెప్పి ఇల్లు విడిచారు. ఊరూరా తిరుగుతూ నంద్యాల దగ్గరి బనగానపల్లె చేరారు. ఎవరూ తెలీదు. ఆ రాత్రి ఒక ఇంటి అరుగు మీద పడుకున్నారు. తెల్లారి ఆ ఇంటి గరిమిరెడ్డి అచ్చమ్మ చూసి, వివరం అడిగి, ఆవులు కాసే పని ఇచ్చింది.

రోజూ ఆవులను రవ్వలకొండకు తోలుకుపోయేవారు. చుట్టూ గీత గీస్తే అవి దాటేవి కావట! తాను గుహలో కూచొని తాటాకుల మీద కాలజ్ఞానం రాసేవారు. ఒకనాడు అచ్చమ్మ వెనకాలే పోయి చూసింది. జీతగాడు కాదు, గురువని తెలిసి కాళ్ల మీద పడింది. ఆ తాటాకులను పాతిపెట్టి, పైన చింతచెట్టు నాటారంటారు. అక్కడే చింతమాను మఠం ఉంది.

తర్వాత కందిమల్లాయపల్లెలో వడ్రంగం చేసుకుంటూ బతికారు. ఒకసారి నంద్యాలలో ఆకలై అడిగితే, సొంత కులంవాళ్లే ఎగతాళిగా కరిగిన లోహం తాగమన్నారట. ఆయన తాగేశారని కథ. ఆయన మాత్రం కులం చూడలేదు. దూదేకుల సిద్దయ్య, మాదిగ కక్కయ్య ఆయన శిష్యులు.

నేటికీ నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మీదుగా ఆయన మఠానికి జనం పోతూనే ఉంటారు.

మనమూ ఇల్లు విడిచి వచ్చినవాళ్లమే. రాత్రిపూట అమ్మ గుర్తొస్తే, ఆ అరుగు మీది పిల్లవాణ్ణి తలుచుకుందాం. ఆయన పనికి సిగ్గుపడలేదు, రాయడం మానలేదు.