మత్తు మాటున మన ఊరి మహిళ

ఆపరేషన్ అనగానే మనలో చాలామందికి కత్తి కంటే మత్తంటేనే ఎక్కువ భయం. కళ్లు మూసుకున్నాక మళ్లీ తెరుస్తానో లేదోనని! ఆ భయాన్ని పోగొట్టడమే వృత్తిగా పెట్టుకున్న ఒకావిడ మన హైదరాబాద్‌లోనే ఉండేదని నాకు తెలిసినప్పుడు ఎంత సంబరమేసిందో చెప్పలేను. ఆమె పేరు రూపాబాయి ఫర్దూన్‌జీ. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలిగా వైద్య చరిత్రకారులు ఆమెను చెప్పుకుంటారు.

పరదాల కాలంలో పట్టా

రూపాబాయి పార్సీ ఇంటి ఆడపిల్ల. 1885లో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చేరింది. అదే నేటి ఉస్మానియా మెడికల్ కాలేజీకి మూలం. అప్పుడు స్కూలు బాధ్యత చూస్తున్న డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆడపిల్లల్ని ప్రోత్సహించాడు. ఆ రోజుల్లో జనానాలోని స్త్రీలు ప్రాణం మీదికొచ్చినా మగ డాక్టరుకు నాడి చూపించడానికి వెనుకాడేవాళ్లు. ఆడ డాక్టరు ఉంటే తప్ప వాళ్లకు వైద్యమే లేదు. 1889లో రూపాబాయి చదువు పూర్తిచేసి హకీం పట్టా అందుకుంది.

ఆమె ఎంచుకున్న దారి మాత్రం కొత్తది. కాన్పులు చేయడమో, మందులివ్వడమో కాదు, క్లోరోఫాం ఇవ్వడం!

గుండెా? ఊపిరా?

క్లోరోఫాం కథ కూడా ఆడవాళ్ల నొప్పులతోనే ముడిపడింది. 1847లో ఎడిన్‌బరోలో కాన్పుల డాక్టర్ జేమ్స్ యంగ్ సింప్సన్ దాన్ని వాడకంలోకి తెచ్చాడు. 1853లో విక్టోరియా రాణి కాన్పు సమయంలో పీల్చింది. అయితే మత్తులోనే ప్రాణాలు పోయిన వాళ్లూ ఉన్నారు. ముందు ఆగేది గుండెా, ఊపిరా అని డాక్టర్లు ఏళ్ల తరబడి వాదించుకున్నారు.

ఆ తగువు తేల్చడానికి 1888లో, 1889లో మన హైదరాబాద్‌లోనే రెండు క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. ఖర్చు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది, పట్టుదల లారీది. రెండోసారి లండన్ నుంచి డాక్టర్ లాడర్ బ్రంటన్ కూడా వచ్చాడు. ముందు ఆగేది ఊపిరే, కాబట్టి దాని మీదే కన్నేసి ఉంచాలని తేల్చారు. రూపాబాయి చదువు సాగింది సరిగ్గా ఈ ప్రయోగాల మధ్యనే.

ఆ తీర్పు పూర్తిగా నిజం కాదని తర్వాత తేలింది. మత్తు పలచగా ఉన్నప్పుడు గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోవచ్చని 1911లో లెవీ అనే పరిశోధకుడు చూపించాడు. అయినా ఊపిరిని రెప్ప వాల్చకుండా కనిపెట్టుకోవాలన్న హైదరాబాద్ పాఠం మాత్రం వృథా పోలేదు.

ఎడిన్‌బరోకు పయనం

నేటి సుల్తాన్ బజార్ ప్రసూతి ఆస్పత్రి అప్పట్లో రెసిడెన్సీ ఆస్పత్రి. అక్కడా, అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలోనూ, విక్టోరియా జనానా ఆస్పత్రిలోనూ రూపాబాయి ఏళ్ల తరబడి మత్తిచ్చింది. ఇప్పట్లా తెర మీద అంకెలు చూపించే యంత్రాలేవీ లేవు. రోగి ముఖం రంగు, కంటిపాప, ఊపిరి చప్పుడు... ఇవే ఆమెకు యంత్రాలు.

1908 మూసీ వరద అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిని ముంచేసింది. మరుసటి ఏడు, అంటే 1909లో, రూపాబాయి సముద్రాలు దాటి ఎడిన్‌బరో వెళ్లి భౌతిక, రసాయన శాస్త్రాలు చదివింది. ఇరవై ఏళ్లు పనిచేశాక మళ్లీ విద్యార్థిని కావడమంటే మాటలా? మత్తంటే వాయువులు, వాటి ఒత్తిడి, మోతాదు. ఆ లెక్క తెలియకుండా చేతివాటంతో నెట్టుకురావడం ఆమెకు చాలలేదేమో అనిపిస్తుంది నాకు. తిరిగొచ్చి 1920లో పదవీ విరమణ చేసేదాకా మన ఊళ్లోనే పనిచేసింది.

రోబో వచ్చినా...

ఇప్పుడు హైటెక్ సిటీ, గచ్చిబౌలి ఆస్పత్రుల్లో గర్భసంచి, ఫైబ్రాయిడ్, ఎండోమెట్రియోసిస్ ఆపరేషన్లు రోబో సాయంతో జరుగుతున్నాయి. అమెరికాలో స్త్రీల ఆపరేషన్లకు ఈ యంత్రానికి అనుమతి దొరికింది 2005లో. పొట్ట మీద సెంటీమీటరు కూడా ఉండని చిన్న గాట్లు నాలుగైదు పెడతారు. సర్జన్ కాస్త దూరంలో కూర్చుని యంత్రం చేతుల్ని నడిపిస్తారు.

మరి రోగి తల దగ్గర ఎవరుంటారు? మత్తు డాక్టరే! లోపల బాగా కనబడాలని పొట్టను కార్బన్ డయాక్సైడ్‌తో ఉబ్బిస్తారు, తలవైపు బల్లను బాగా కిందికి వంచుతారు. దాంతో ఊపిరితిత్తుల మీద బరువు పడుతుంది, ఆ వాయువు రక్తంలోకీ చేరుతుంది. రోబో చేతులు లోపల ఉన్నప్పుడు రోగి కదిలితే ప్రమాదం. అందుకే వదిలే ప్రతి ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో యంత్రం కొలుస్తూ ఉంటే, మత్తు డాక్టరు దాన్ని చూస్తూ శ్వాసను సరిదిద్దుతుంటారు. రూపాబాయి చెవితో విన్నదాన్నే ఇప్పుడు తెర మీద చూస్తున్నారన్నమాట.

మా పిన్ని కూతురికి ఫైబ్రాయిడ్లు తీసేటప్పుడు రోబో గురించి ఇంటిల్లిపాదీ వంద ప్రశ్నలు అడిగాం. మత్తు గురించి అడిగింది అది ఒక్కతే. తెలివైన పిల్ల!

మీరూ అడగండి. అసలు ఆపరేషన్ తప్పదా, మందులతో తగ్గదా అన్నది మొదటి ప్రశ్న. తర్వాత మత్తు డాక్టరు దగ్గర ఉబ్బసం, బీపీ, షుగరు, వాడుతున్న మాత్రలు, కదిలే పళ్లు, పాత ఆపరేషన్లు, ఏదీ దాచకండి. ఆకలేస్తోందని చాటుగా కాఫీ తాగకండి. ఆపరేషన్ చేసిన డాక్టరు పేరు వీధంతా చెప్పుకుంటాం. మన ఊపిరిని కాచిన వాళ్ల పేరు కూడా ఒకసారి కనుక్కుంటే బాగుంటుంది కదూ!