విమోచనం దొరకని గురువు

పాపసంకీర్తనానికి వెళ్తే గురువు విమోచనం ఇవ్వనంటే మీకెలా ఉంటుంది? ఒక గురువుకే అట్టి అనుభవం కలిగింది. ఆయనే బర్తొలోమె దె లాస్ కాసాస్. 1484లో స్పెయిన్‌లోని సెవిల్లెలో జన్మించి, 1502లో హిస్పనియోలా ద్వీపం చేరారు. గురుపట్టం పొందాక కూడా ఆదివాసులచేత వెట్టిచాకిరీ చేయించుకున్నారు.

ఆ ద్వీపంలో ఒక చిన్న దొమినికన్ మఠం ఉండేది. 1511 డిసెంబరు 21, ఆగమనకాలపు నాల్గవ ఆదివారం, అంతోనియో మొంతెసీనోస్ స్వామి దొరల ఎదుటనే వారి దౌర్జన్యాన్ని ఖండించారు. గమనించండి, అది ఆయన ఒక్కరి మాట కాదు. మఠవాసులందరూ కలిసి సిద్ధం చేసి, సంతకాలు పెట్టిన ప్రసంగమది. మాట వెనక్కి తీసుకొమ్మని కొలంబస్ కుమారుడైన గవర్నరు పట్టుబడితే, మరుసటి ఆదివారం ఇంకా గట్టిగా చెప్పారు.

ఆదివాసులను వెట్టికి పెట్టుకున్నందుకే లాస్ కాసాస్‌కు ఒక దొమినికన్ గురువు విమోచనం నిరాకరించారు. ఈయన వాదించారే గాని అప్పటికి మారలేదు. 1514లో పెంతెకోస్తు ప్రసంగానికి సిద్ధపడుతూ సీరా పుత్రుని జ్ఞానగ్రంథం 34వ అధ్యాయం చదివారు. అన్యాయార్జితంతో అర్పించే బలిని గూర్చిన మాటలు గుండెలో గుచ్చుకున్నాయి. తన క్రిందనున్న ఆదివాసులను వదులుకున్నారు. 1522లో దొమినికన్ సభలోనే చేరారు.

వారికి బదులు ఆఫ్రికా బానిసలను తెమ్మని ఒకప్పుడు ఈయనే సలహా ఇచ్చారు. తరువాత ఎంతో పశ్చాత్తాపపడ్డారు. ఇది దాచవలసిన విషయం కాదు.

1542 నాటి నూతన చట్టాల వెనుక ఆయన కృషి ఉంది. చియాపా పీఠాధిపతియై, ఆదివాసులను విడిచి వారి నష్టం తీర్చని వారికి విమోచనం ఇవ్వరాదని తన గురువులను ఆదేశించారు. పట్టణంలోని స్పెయిన్ వారు తిరగబడ్డారు. 1547లో స్వదేశం చేరి, 1566లో మాడ్రిడ్‌లో మరణించారు. ఆయనపై తిరగబడిన ఆ పట్టణం పేరు నేడు సాన్ క్రిస్తోబల్ దె లాస్ కాసాస్.