వరాహగిరి వెంకటగిరి

హల్దియాపదర్ వంటి పేటలతో నేడు విస్తరించిన బరంపురం పట్టణం 1936 వరకు మద్రాసు రాజధానిలో ఉండేది. అక్కడ 1894 ఆగస్టు 10వ తేదీన వరాహగిరి వెంకటగిరి జన్మించారు. తల్లి సుభద్రమ్మ. తండ్రి జోగయ్య పంతులు పేరుపొందిన న్యాయవాది.

గిరి న్యాయశాస్త్రం చదవడానికి 1913లో ఐర్లాండులోని డబ్లిన్ నగరానికి వెళ్లారు. మన దేశం వలెనే ఆనాడు ఐర్లాండు కూడా ఆంగ్లేయుల పాలనలో ఉండేది. అక్కడి స్వాతంత్ర్యోద్యమం ఆయనను ఆకర్షించింది. 1916లో డబ్లిన్‌లో తిరుగుబాటు జరిగిన తరువాత ప్రభుత్వం ఆయనను ఆ దేశం నుండి పంపివేసింది.

స్వదేశానికి వచ్చిన గిరి కొంతకాలం న్యాయవాదిగా పనిచేశారు. తరువాత జాతీయోద్యమంలో చేరారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులకు నాయకులయ్యారు.

మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక, 1919లో నానాజాతి సమితితోపాటు అంతర్జాతీయ కార్మిక సంస్థ ఏర్పడింది. పనిగంటలు, బాలకార్మికులు మొదలైన విషయాలపై అది ఒప్పందాలను రూపొందిస్తుంది. దాని సమావేశానికి ప్రతి దేశం నుండి ప్రభుత్వం తరఫున ఇద్దరు, యజమానుల తరఫున ఒకరు, కార్మికుల తరఫున ఒకరు వెళతారు. 1927లో జెనీవా సమావేశానికి భారత కార్మికుల ప్రతినిధిగా గిరి వెళ్లారు. పరాధీన దేశపు కార్మిక ప్రతినిధికి, పాలించే దేశపు ప్రతినిధికి అక్కడ ఓటు సమానమే.

అయితే ఆ సంస్థకు సైన్యం లేదు. ఒప్పందాన్ని ఆమోదించిన దేశం దానిని అమలు జరిపితేనే కార్మికునికి మేలు కలుగుతుంది. అధికారం చేతిలో ఉన్నవారు తమకు నచ్చని నిర్ణయానికి కట్టుబడతారా? స్వతంత్ర భారతంలో గిరికి ఈ ప్రశ్న ఎదురైంది.

1952లో ఆయన కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతాల వివాదంలో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును 1954లో ప్రభుత్వం మార్చింది. గిరి అందుకు సమ్మతించలేదు. మంత్రి పదవికి రాజీనామా చేశారు.

1969 నుండి 1974 వరకు ఆయన భారత రాష్ట్రపతిగా ఉన్నారు. 1975లో భారతరత్న పురస్కారం పొందారు. 1980 జూన్‌లో మద్రాసులో పరమపదించారు.

గిరి జీవితకాలంలోనే ప్రపంచం ఎంతో మారింది. ఆంగ్లేయుల సామ్రాజ్యం అంతరించింది. నానాజాతి సమితి 1946లో రద్దయింది. కార్మిక సంస్థ మాత్రం ఐక్యరాజ్యసమితికి అనుబంధమై నిలిచింది. నేడు అందులో 187 దేశాలున్నాయి. దేశాల బలాబలాలు ఇప్పుడూ మారుతున్నాయి. బలం పెరిగిన దేశం ఒప్పుకొన్న మాటకు కట్టుబడి ఉంటుందా అన్నదానిపైనే అంతర్జాతీయ న్యాయం ఆధారపడి ఉంది. పదవిలో ఉండి కూడా తీర్పును గౌరవించిన గిరి జీవితం ఈనాటికీ మనకు మార్గదర్శకం.